ఇటుక కంటే ముందు వెళ్ళిన మనసు

నా చిన్నప్పుడు, ఎనభైలలో, కామాటిపుర చాల్‌లో, కూలీలుండే ఆ వరస గదుల మేడలో, మా గది ముందరి గ్యాలరీయే నాకు బడి. తాతయ్య ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. వాటి పుణ్యాన, గ్రాంట్ రోడ్ పాత కాగితాల దుకాణం నుంచి తెచ్చిన బొమ్మల కథలు మా చిన్నాయనకు చదివి వినిపించేదాన్ని. ఒక కథలో ముసుగు వీరుడు ఇనుప చక్రం విసిరితే అది గోడకు తగిలి, స్తంభానికి తగిలి, నలుగురు దొంగలను పడగొట్టి తిరిగి అతని చేతికే వచ్చేది. అదంతా చేతి బలమే అనుకున్నాను.

చిన్నాయన నవ్వాడు. "చేతిదేమున్నది బిడ్డా! చక్రం ఇంక చేతిల ఉండంగనే వాని మనసు నాలుగు దిక్కులు తిరిగొస్తది. ఎవడు యాడుంటడో ముందుగాలనే చూసొస్తది. చెయ్యి ఎనకనుంచి పోతది, గంతే."

ఆయన పనీ అలాంటిదే. కట్టడాల దగ్గర కింద నిలబడి ఇటుకలు పైకి విసిరేవాడు. పరంజా మీద నిలబడి మా నాన్న అందుకునేవాడు. ఒకదాని వెంట ఒకటి, పూలు అందించినంత తేలిగ్గా.

ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వర్లిలో పని జరిగే చోటికి అన్నం తీసుకెళ్ళాం. "ఏమయ్యో, బువ్వ తెచ్చిన, దిగు!" అని అమ్మ కేకేసింది. నాన్న మా వైపు తిరిగాడు. అప్పటికే చిన్నాయన చెయ్యి పైకి లేచింది, ఇటుక వేళ్ళు దాటబోతోంది. అది నాన్న తలకు తగలడం చిన్నాయన మనసు ముందే చూసేసి ఉండాలి. ఒళ్ళంతా మెలితిప్పి, ఎవరూ లేని గోడ మూలకు విసిరాడు. ఇటుక ముక్కలైంది.

"అరే, ఉస్తాద్ నిషానా తప్పిండురో!" అని కూలీలు ఈలలు వేశారు. "పెండ్లాం యాదికొచ్చిందారా?" అన్నాడు మేస్త్రీ. చిన్నాయన తన భుజం పట్టుకుని, "చెయ్యి జారింది" అన్నాడు, అంతే. పరంజా మీద నాన్న పరధ్యానంగా ఉన్నాడని తెలిస్తే మేస్త్రీ ఆయన్ను పనిలోంచి తీసేసేవాడు.

మెలిపడిన ఆ భుజం మళ్ళీ పైకి లేవలేదు. చిన్నాయన మిగిలిన బతుకంతా ఒక గోదాము ముందు కాపలా కూర్చున్నాడు. గురి తప్పినవాడన్న పేరుతోనే పోయాడు. అసలు సంగతి అమ్మ ఆ రాత్రే నాన్నకు చెప్పింది. అయినా మాలో ఎవ్వరమూ ఆయన ఎదుట ఒక్క మంచి మాట పలకలేదు. సొంతవాళ్ళకు చెప్పేదేముందిలే అనుకున్నాం.

దీపం పెట్టినప్పుడు మొదట ఆయన్నే తలుచుకుని ఆ మంచి మాట చెప్పుకుంటాను. దేవుడు వింటాడు, నిజమే. వినవలసిన మనిషి మాత్రం వినలేదు.

పనిలో ఉన్నవాళ్ళను ఇప్పటికీ కేకేసి పిలవను. అన్నం చల్లారిపోయినా సరే, వాళ్ళ చేతులు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి ఉంటాను.