వాల్టర్ మరచిపోని క్లిప్పు

చిన్న ఇనుప క్లిప్పు. జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. దాని బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. నేను కోతలు కోసే మనిషిని. మినెసోటా ఉత్తరాన, సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో తెలుగువాణ్ని నేనొక్కణ్నే. కాగితం మిల్లులో ఉద్యోగానికి వచ్చాను, రిటైరయ్యాక ఉండిపోయాను. మా ఆవిడ పోయింది. తెలుగు మాట వినాలంటే సిటీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాలి. అక్కడ తలా ఒక వంట తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో, పులిహోర ప్లేటు చేతికి రాగానే, నేను మొదలుపెట్టే కథ ఒకటుంది. భయంకరమైన మంచు తుఫాను. మంచు మీద నడిపే స్నోమొబైల్, పక్కింటి వాల్టర్‌ది, పాతది, దానికి ఆయిల్ లీకు. టార్చి పళ్ల మధ్య పట్టుకుని నేను ఒంటిచేత్తో ఆపేస్తుంటే, వెనక తోడేలు నిలబడి చూస్తోంది.

"అంకుల్, పోయినసారి అది ఎలుగుబంటి కదా?" అన్నాడు ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు.

"చలికాలంలో ఎలుగుబంట్లు నిద్రపోతాయట నాయనా, అందుకే మార్చాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తుఫాను లేదు. తోడేలు లేదు. లీకు ఆగిన మాట మాత్రం నిజం. తప్పంతా అక్కడే ఉంది.

వాల్టర్ బండి మా పెళ్లినాటిది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో టూ స్ట్రోక్ ఇంజను, అంటే మన పాత స్కూటర్ ఇంజను లాంటిదే. తేడా ఒక్కటే. స్కూటర్‌కి బంకులో పెట్రోల్లోనే ఆయిల్ పోయించి, బండిని అటూ ఇటూ ఊపి కలిపేవాళ్లం. ఈ బండికి ఆయిల్ ట్యాంకు వేరు. అందులోంచి సన్నటి రబ్బరు గొట్టం పంపుకి వెళుతుంది, పంపు దానంతటదే ఇంజనుకి అందిస్తుంది. ఆ దారిలో ఎక్కడో కారుతోంది. బండి కింద పరిచిన అట్టముక్క మీద రోజూ కొత్త మరక.

వాల్టర్ కొన్నాళ్లు కూతురి ఇంటికి వెళుతుంటే, "నాకొదిలెయ్, స్కూటర్లు విప్పి బిగించినవాణ్ని" అన్నాను. విప్పింది మెకానిక్. నేను పక్కన నిలబడి టీ తాగాను.

లీకు ఎలా పట్టాలో వాల్టరే చెప్పి వెళ్లాడు. అంతా శుభ్రంగా తుడిచి, పౌడరు చల్లి, ఇంజను నడిపి, పౌడరు ఎక్కడ ముందుగా తడుస్తుందో చూడాలి. నేను తుడవకుండానే చల్లాను. అంతా ముద్దయింది. ఓపిక పోయింది. గోడకి తగిలించిన ఆయన సామాన్లలోంచి గొట్టాలు నొక్కిపట్టే క్లిప్పు తీసి, ట్యాంకు దగ్గరే గొట్టానికి బిగించేశాను. కారడం ఆగింది. ఆయిల్ అందక ఇంజను చెడిపోకూడదని, స్కూటర్ పద్ధతిలో పెట్రోల్లో ఆయిల్ పోసి, బండిని పట్టుకుని అటూ ఇటూ ఊపాను. ఆయన రాగానే చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆయన వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని కొత్త అట్టముక్క చూశాడు. మరక లేదు. అన్నాళ్లూ నన్ను వెక్కిరించడానికి పిలిచే పేరును ఆ రోజు మనస్ఫూర్తిగా పలికాడు. "ప్రొఫెసర్! నువ్వు నిజంగానే ప్రొఫెసర్‌వయ్యా!"

ఆ మాట విన్నాక క్లిప్పు సంగతి ఎలా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. మరచిపోయానా? లేదు. రోజూ గుర్తుంది. రోజూ ఆయన కాఫీ షాపులో నా గొప్ప ఎవరికో ఒకరికి చెబుతున్నాడు, నేను పక్కన కూర్చుని తల దించుకుని వినయం నటిస్తున్నాను.

నేను కలిపిన పెట్రోలు ఉన్నంతకాలం బండి చక్కగా నడిచింది. తరవాత ఆయన మామూలు పెట్రోలు పోయించుకున్నాడు. సరస్సు మధ్యలో, ఆయిల్ అందక ఇంజను పట్టేసింది. గడ్డకట్టిన నీళ్ల మీద, ఎదురుగాలిలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు. ముక్కు కొస తెల్లగా పాలిపోయింది.

మర్నాడు ఇంజను మూత తెరిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇది నా క్లిప్పే" అన్నాడు.

వంగి దాన్ని వేలితో తాకి చూశాడు.

"నువ్వు బాగుచేశాక ఒకసారి సరిచూద్దామని నేనే పెట్టి, తీయడం మరచిపోయానేమో. నీకెప్పుడైనా కనిపించిందా?"

"గమనించలేదు."

"పెట్రోల్లో ఆయిల్ కూడా నేనే కలిపి ఉంటాను. లేకపోతే ఇన్నాళ్లు నడవదు. అదీ గుర్తులేదు ప్రొఫెసర్. మా అన్నకి ఇలాగే మొదలైంది."

వాళ్లన్న చివరికి కన్నపిల్లల పేర్లు కూడా మరచిపోయాడు. అన్నకి చెంచాతో తినిపించింది వాల్టరే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, ఆయన భుజం మీద చేయి వేసి అన్నాను:

"మన వయసులో మామూలే వాల్టర్."

ఎందుకన్నాను? తిడతాడనా? తిట్టేవాడు కాదు, నవ్వేవాడు, వచ్చే వసంతం దాకా నన్ను ఏడిపించేవాడు, అంతే. నేను కాపాడుకున్నది ప్రొఫెసర్ అన్న ఒక పిలుపుని. దానికి బదులు ఆయన ఇచ్చుకున్నది తన బుర్ర మీద తనకున్న నమ్మకాన్ని.

ఆయన బండి మళ్లీ ఎక్కలేదు. తరవాత కారు తాళాలు కూతురికి ఇచ్చేశాడు. ఆ తరవాత ఆమె ఆయన్ని చలి తక్కువుండే తన ఊరికి తీసుకెళ్లిపోయింది. వెళ్లేముందు బండి నాకు ఇచ్చాడు, దాని సంగతి నాకే బాగా తెలుసని. పక్కింటి దీపం అప్పటినుంచీ వెలగలేదు.

పోయిన చలికాలం కూతురు ఫోన్ చేసింది. వాల్టర్ పోయాడు. "చివరిదాకా నాన్న బుర్ర చురుగ్గానే ఉంది. అయినా ఎందుకో భయపడేవాడు. ఏదడిగినా, నాకు సరిగా గుర్తుండదు అనేవాడు" అంది. "అవునా" అన్నాను. అప్పుడు కూడా అంతే అన్నాను. ఆమె నంబరు ఇంకా ఉంది. చెబితే ఆయన భయపడిన ఏళ్లు వెనక్కి వస్తాయా? రావు. ఆ జవాబు చెప్పుకుని తప్పించుకుంటున్నానా? అవును.

ఈ వారం గరాజ్‌లో ఆ బండి ముందు కూర్చున్నాను. అప్పటినుంచీ గొట్టానికి అలాగే ఉన్న క్లిప్పు తీశాను. ఈసారి తుడిచాను, ఓపిగ్గా. పౌడరు చల్లి, ట్యాంకులో ఆయిల్ పోసి చూశాను. గొట్టం పంపుకి తగిలేచోట నల్లటి చుక్క లేచింది. గొట్టం కొస గట్టిపడి పగిలింది. బొటనవేలంత కత్తిరించి మళ్లీ తొడిగితే సరిపోయేది.

ఇంకా కత్తిరించలేదు. అట్టముక్క మీద చుక్క చుక్కగా పడుతోంది. పడనివ్వండి.

ఈ కథ పాట్‌లక్‌లో చెప్పను. ఇందులో తోడేలు లేదు. వాల్టర్ ఏమీ మరచిపోలేదు. క్లిప్పు పెట్టింది నేను. రాశాను కదా, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.