క్యారేజీతో వచ్చిన పిన్నిగారు

ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకు కడగడానికి మనుషులు వచ్చారు. మధ్యాహ్నం దాకా నీళ్ళు రావని వాచ్‌మన్ ముందురోజే చెప్పాడు గాని, ఎవరమూ చెవిన పెట్టుకోలేదు. తీరా బియ్యం కడుగుదామని కుళాయి తిప్పితే గాలి వచ్చింది. సంగతేమిటో కనుక్కుందామని తలుపు తీసేసరికి పై అంతస్తు వదిన లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కారు తాళాలున్నాయి.

"వంట చేస్తున్నారా ఏంటండీ?" అంది.

"దేంతో చేయమంటారు?"

"అయితే చీర మార్చుకు రండి. ఎక్కడన్నా తినేసి వద్దాం. మగాళ్ళ సంగతి మగాళ్ళు చూసుకుంటారు."

మా భోజనాల సంఘం మొదలైంది అలాగే. దానికి పేరు లేదు, అధ్యక్షురాలు లేదు. నెలకో ఆదివారం నలుగురం ఒక కారెక్కి, ఎవరూ మమ్మల్ని వడ్డించమని అడగని చోటికి వెళ్ళి కూర్చోవడం, అంతే.

వదినది భీమవరం వైపు. వాళ్ళకు రొయ్యల చెరువులున్నాయి. వాళ్ళాయన ఎక్కువ రోజులు చెరువుల మీదే ఉంటారు. పిల్ల కాలేజీ చదువు కోసం ఈవిడ రాజమండ్రిలో ఉంటోంది. మనిషన్న ప్రతివాళ్ళనీ 'అండి' అంటుంది. ఫోనులో దారి చెప్పే గొంతు ఎడమవైపు తిరగమంటే "ఆయ్, అలాగేనండి" అని కుడివైపు తిరుగుతుంది.

మూడో ఆవిడ ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. మేం అక్క అంటాం. మెనూ కార్డు చేతికిస్తే ఫైలు చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఆఖరికి పెరుగన్నం చెబుతుంది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆకలేస్తే నాకు కోపం వస్తుంది తప్ప చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు.

ఇక పిన్నిగారు. మొదటి అంతస్తులో ఉంటారు, డెబ్బై దాటాయి. ఆవిడ జీవితంలో బయట తిండి తిని ఎరగరని మా అపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు. కారణం బాబాయిగారు. రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరైన ఆయనకు హోటల్లో కాఫీ తాగినా కడుపులో మంటట. పెళ్ళిళ్ళకు వెళ్ళినా అక్షింతలు వేసి, మజ్జిగ పుచ్చుకుని ఇంటికొచ్చేస్తారు; వెనకాలే పిన్నిగారు వచ్చి చారు పెట్టాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ చీకటితో లేచి పిండి రుబ్బి, పచ్చడి నూరి, ఆయన ముందు టిఫిను పెట్టాకే మిగతా పనులు చూసుకునేవారు. ఆయన తిననిది తను మాత్రం ఎలా తినడమని ఆవిడా మానేశారు.

ఆ ట్యాంకు ఆదివారం మర్యాద కోసం ఆవిడనూ పిలిచాం. బాబాయిగారికి అప్పటికే వంట అయిపోయిందట, బిందెల్లో నీళ్ళు పట్టుకున్న మనిషి ఆవిడొక్కరే. "నేను బయట తిననని మీకు తెలుసు కదమ్మా" అన్నారు. సరేనని కిందికి దిగి కారెక్కుతుంటే, జరీ అంచు చీర కట్టుకుని, చేతిలో స్టీలు క్యారేజీతో మెట్లు దిగుతూ కనిపించారు.

"రానన్నారు కదా పిన్నిగారూ?" అన్నాను.

"తిననన్నాను గాని, రానన్నానా?" అని ముందు సీట్లో కూర్చున్నారు.

రాజమండ్రిలోనే ఒక ఏసీ హోటలుకు వెళ్ళాం. పిన్నిగారు క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పరుస్తుంటే, వడ్డించే ఆయన గబగబా వచ్చి, "బయటి ఫుడ్ ఎలౌ చేయమండి" అన్నాడు.

"ఇది బయటిది కాదు నాయనా, ఇంట్లో చేసిందే. బయటిది మీదే" అన్నారు పిన్నిగారు.

అతను వెళ్ళి మేనేజర్ని తీసుకొచ్చాడు. మేనేజరు ఏదో అనబోయేలోగా ఆవిడ, "మా వాళ్ళ ముందు ప్లేట్లున్నాయి, నా ముందు లేదు. చూడ్డానికి బాగోలేదు, నాకూ ఒకటి వేయించండి" అన్నారు. మేనేజరు తలాడించి స్వయంగా ప్లేటు తెచ్చి పెట్టాడు. ఆవిడ అందులో తన పప్పూ అన్నం వడ్డించుకుని, ఆయనకో చెంచాడు వంకాయ కారం కూడా పెట్టారు. ఆయన నిలబడే తిని, వెళ్ళి పెరుగు పంపించాడు. పెరుగు మాత్రం ఆవిడ ముట్టలేదు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస. కొవ్వూరులో ఒక మెస్సుకు వెళ్తే వదిన రొయ్యల వేపుడు చెప్పుకుంది. పిన్నిగారు "నువ్వా చివర కూర్చో అమ్మాయ్" అని ఆవిణ్ణి బల్ల అటు చివరకు పంపించి, మధ్యలో మంచినీళ్ళ జగ్గు అడ్డం పెట్టించారు. వదిన అక్కడినుంచే, "ఈ రొయ్య మా చెరువులోది కాదండీ, మావైతే ఇంకా తియ్యగా ఉంటాయి" అని జగ్గు పక్కనుంచి తొంగిచూసి చెబుతూనే ఉంది.

ఒకసారి కారులో అడిగాను, తిననప్పుడు ఆవిడకు ఈ తిరుగుడు ఎందుకని. పిన్నిగారు కిటికీలోంచి అరటితోటలు చూస్తున్నారు. "వడ్డన అవుతుంటే లేవకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానమ్మా మొదట. బాగానే ఉంది" అన్నారు.

రావులపాలెం వెళ్ళినప్పుడు కథ మలుపు తిరిగింది. హైవే పక్కన పెద్ద ఫ్యామిలీ రెస్టారెంటు. అక్కడ పనసపొట్టు బిర్యానీ చాలా బాగుంటుందని వదినకు ఎవరో చెప్పారు. మేం వెళ్ళేసరికి పెళ్ళివాళ్ళ బస్సు ఒకటి ముందే వచ్చి ఆగి ఉంది. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. ఎదురుచూసి ఎదురుచూసి కూర్చుంటే, అక్క మెనూ అంతా చదివి ఒక్కొక్కటే అడగడం, వడ్డించే ఆయన ఒక్కొక్కదానికీ "అయిపోయిందండి" అనడం. బిర్యానీ అయిపోయింది, భోజనం అయిపోయింది, ఆఖరికి అక్క పెరుగన్నం కూడా అయిపోయింది. నాకు కోపం రావడం మొదలైంది.

పిన్నిగారు మా ముగ్గురి మొహాలూ చూసి క్యారేజీ తెరిచారు. ముద్దపప్పు, అరటికాయ వేపుడు, మజ్జిగ పులుసు. తలా కాస్త అన్నారు గాని మాకు సిగ్గెక్కడిది. వదిన వేళ్ళు నాకుతూ, "ఈ పులుసు ముందు రొయ్యలేం పనికొస్తాయండీ" అంది. రొయ్యల గురించి ఆవిడ అంతమాట అనడం అదే మొదలు. అందరం తిని తలెత్తేసరికి గిన్నెలన్నీ ఖాళీ. పిన్నిగారి ప్లేటూ ఖాళీయే, ఆవిడ అందులో ఏమీ వేసుకోలేదు.

మేం తెల్లబోయాం. ఆవిడకు షుగరుంది, ఆకలికి ఆగలేరు. అక్క లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, పెద్దావిడకు ఏదన్నా ఉంటే చూడమని అడిగింది. ఉన్నది ఒక్కటే: వెజ్ నూడుల్స్.

"అంటే ఏంటది?" అన్నారు పిన్నిగారు.

"సేమ్యాలాంటిదేనండి. కాస్త పొడుగ్గా ఉంటుంది" అన్నాడు వడ్డించే ఆయన.

"మాంసం వండిన బాణలిలో చేస్తారా?"

"లేదండి. వెజ్‌కి పొయ్యే వేరు. కావాలంటే వచ్చి చూడండమ్మా."

ఆవిడ నిజంగానే లేచి వెళ్ళి చూసొచ్చారు. నూడుల్స్ వచ్చాయి. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో కలుపుకున్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే దాని కొస ప్లేటులోనే ఉంది. పైకి లాగారు, ఇంకా వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలారు, అయినా తెగలేదు. వదిన ముందుకు వంగి ఫోర్కుతో తెంచి పెట్టింది. పిన్నిగారు నెమ్మదిగా నమిలి మింగి, మా వైపు చూశారు.

"ఉప్పు కాస్త తగ్గింది" అన్నారు. "క్యాబేజీ ఇలా పచ్చిగా వదిలేస్తే కూడా బాగుంటుందని నాకు తెలీదు."

ప్లేటంతా తిన్నారు. తిరిగొచ్చేటప్పుడు గోదావరి వంతెన దాటాక, "ఈ సంగతి మీ బాబాయిగారి దగ్గర ఎత్తకండే" అన్నారు.

మరుసటి నెల పిన్నిగారి చేతిలో క్యారేజీ తేలిగ్గా ఊగుతుంటేనే నాకు అనుమానం వచ్చింది. ఖాళీది. బాబాయిగారు గుమ్మంలో నిలబడి చూస్తారు కాబట్టి చేతిలో అది ఉండాలట. ఆ రోజు నుంచి పిన్నిగారిని ఆపేవాళ్ళు లేకపోయారు. గోబీ మంచూరియా తిన్నారు, పనీరు ఏదో నల్లటి మసాలాలో తిన్నారు, పిజ్జా తిని "దిబ్బరొట్టె మీద ఎవరో బంక పోశారు" అంటూనే రెండో ముక్క తీసుకున్నారు. అక్క మెనూ పైకి చదువుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని విని, ఎప్పుడూ వినని పేరు దగ్గర "అదీ" అనేవారు. పాతికేళ్ళుగా ఫైళ్ళు చదువుతున్నా ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరని అక్క మురిసిపోయింది.

అప్పుడు అక్క ఒక మాటంది. ధవళేశ్వరంలో, బేరేజీకి కాస్త ఇవతల, వాళ్ళ ఆఫీసు వాళ్ళంతా పొద్దున్న తినే టిఫిన్ హోటలుంది. పెసరట్టు ఉప్మా తింటే అక్కడే తినాలి. సరే, ఈసారి మధ్యాహ్నం కాదు, పొద్దున్నే వెళ్దామనుకున్నాం. పిన్నిగారు, వాకింగుకు వెళ్ళిన బాబాయిగారికి ఇడ్లీలు మూతపెట్టి, పచ్చడి పక్కన పెట్టి వచ్చారు.

హోటలు రద్దీగా ఉంది. మేం గుమ్మంలో నిలబడి ఖాళీ బల్ల కోసం చూస్తున్నాం. గోడవారగా ఒక బల్ల దగ్గర తెల్లపంచె పెద్దమనిషి ఒకాయన, పేపరు మడిచి పక్కన పెట్టుకుని, అటు తిరిగి తింటున్నాడు. వడ్డించే ఆయన ఆ బల్ల దగ్గర ఆగి, "మేస్టారూ, రెండోది రోజూలానే ఉల్లిపాయ వేసి తెమ్మంటారా?" అన్నాడు.

"ఆయ్. అల్లం పచ్చడి ఇంకో గరిటె వెయ్యి" అన్నారు బాబాయిగారు.

వదిన పలకరించబోయింది. పిన్నిగారు మాత్రం మా ఇద్దరి చేతులూ పట్టుకుని వెనక్కి లాగారు. "తిరగండి, తిరగండి" అన్నారు గొంతు తగ్గించి. "తిననీండి. ముద్ద నోట్లో ఉండగా మనిషిని లేపకూడదు."

మళ్ళీ కారెక్కాం. కాలువ గట్టు మీద కొంతదూరం వెళ్ళాక వదిన ఇక ఆపుకోలేక, "బాబాయిగారికి కడుపులో మంట కదండీ?" అంది.

"ఆ మంట ఇన్నేళ్ళూ నా పొయ్యి కింద పెట్టారమ్మా" అన్నారు పిన్నిగారు.

మేం పగలబడి నవ్వాం. ఆవిడా నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు, తుడుచుకోవడం ఎంతకీ అవలేదు. వదిన కారు పక్కకు తీసి ఆపింది. "చలికాలంలో చన్నీళ్ళలో చేతులు పెట్టి రుబ్బేదాన్ని. జ్వరం వచ్చినా లేచేదాన్ని. బయటిది పడదు కదా పాపం అని" అన్నారు. అక్క మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. ఆవిడ తాగి, ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోంది. అల్లం పచ్చడి లేని చోటికి తీసుకెళ్ళండి" అన్నారు. రాజమండ్రి వచ్చి ఆ పొద్దుటిపూట కేకులమ్మే కొట్లో కూర్చుని నలుగురం పఫ్‌లు తిన్నాం.

మర్నాడు పొద్దున్న జరిగింది పిన్నిగారే నాకు చెప్పారు. వెలుగొచ్చినా ఆవిడ లేవలేదు. బాబాయిగారు మంచం దగ్గరకొచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగారు.

"బాగానే ఉంది. పడుకోవాలని ఉంది. బేరేజీ దగ్గర పెసరట్టు బాగుంటుందట కదండీ. రెండోది ఉల్లిపాయ వేసి ఇస్తారట."

బాబాయిగారు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నారట. "నీకు పార్సిల్ కట్టించుకు రానా?" అన్నారట.

"మరి ఇన్నాళ్ళూ నా ఇడ్లీలు ఏమయ్యాయి?"

"వాచ్‌మన్ తింటున్నాడు. నువ్వు పూజలో ఉండగా, కడుపులో మంటని చెప్పి ఇచ్చేస్తున్నాను" అన్నారు, నేల చూస్తూ.

ఎందుకిలా చేశారంటే, పెళ్ళయిన కొత్తలో ఒకసారి నిజంగానే కడుపునొప్పి వచ్చిందట. అప్పుడు ఆవిడ అంత శ్రద్ధగా చేసిపెడుతుంటే, తగ్గిపోయిందని చెప్పడానికి మొహమాటపడ్డారట. రిటైరయ్యాక వాకింగు స్నేహితులు లాక్కెళ్తే రుచి మరిగారు. అదంతా విన్నాక పిన్నిగారు కూడా దాచలేదు. రావులపాలెం మొదలుకుని తన సంగతంతా వరసగా చెప్పేశారు.

"ఆయనకు కోపం రాలేదా?" అన్నాను.

"కోపమా? నూడుల్స్ ఎలా ఉంటాయని అడిగారు."

ఇప్పుడు వారంలో సగం రోజులు బాబాయిగారు ఆటో ఎక్కి వెళ్ళి పార్సిల్ తెస్తున్నారు. పిన్నిగారు ఎండ కిటికీలోకి వచ్చేదాకా పడుకుంటారు. మా సంఘంలో తననూ చేర్చుకోమని ఆయన ఒకసారి అక్క ద్వారా కబురు పెట్టారు గాని, కారులో చోటు లేదని వదిన మర్యాదగానే తోసిపుచ్చింది. అందుకని పిన్నిగారు వచ్చేటప్పుడు ఆయన కోసం నూడుల్స్ కట్టించుకు వస్తారు. ఇంట్లోనే అయినా ఆయన తలుపు గడియ వేసుకుని తింటారట. వాచ్‌మన్ చూస్తే బాగోదని.