ఇద్దరి పళ్లెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను మహా భక్తురాలినని పేరు. పదమూడేళ్ల పిల్ల రంజాన్ నెలంతా ఒక్కపొద్దులుందని, పండగయ్యాక కూడా సోమవారం, గురువారం వదలడం లేదని మా అమ్మ రియాద్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పేది. కడప నుంచి మా జేజి దీవెనలు పంపేది. ఆ మెప్పుతోనే నాకు కడుపు నిండిపోయేది. వేరే ఏదీ అందులో పెద్దగా పడేది కాదు లెండి.

అవి మా నాయనకు బాగాలేని రోజులు. ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో ఇక సౌదీలే పనిచేయాలన్న నిబంధన వచ్చి ఆయన పని పోయింది. ఎలాగో సులైలో ఒక గోదాములో చేరి, కొత్త యజమాని, అదే కఫీలు, పేరు మీదికి అఖామా అనే నివాస అనుమతి మార్చుకునేలోపే, కుటుంబాలతో ఉన్నవాళ్లు ఇంట్లో తలకింత సర్కారుకు కట్టాలన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరుండాలి, ఎవరు ఊరికి పోవాలి అన్న మాట తప్ప మా ఇంట్లో వేరే మాట వినబడేది కాదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా ఇష్టప్రకారం జరిగేది నోట్లోకి పోయే ముద్ద ఒక్కటే అనిపించింది. మొదట్లో మానడం నా చేతిలోనే ఉండేది. పోను పోను తినడం నా చేతిలో లేకుండా పోయింది. ఎముకలు తేలిన చేతుల్ని అద్దంలో చూసుకుంటే నాకు లావుగానే కనబడేవి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కపోయినా పెట్టేది. కానీ సౌదీకి వచ్చాక మా నాయనకు అరబ్బుల అలవాటు పట్టుబడి, అందరం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేవాళ్లం. అన్ని చేతులు ఆడుతుంటే ఒక చెయ్యి ఉత్తినే తిరుగుతోందని ఎవరికి తెలుస్తుంది? నా వైపు అన్నాన్ని నెమ్మదిగా తమ్ముడి వైపు తోసేసేదాన్ని.

పక్కింటి అక్కది అనంతపురం. పాలీక్లినిక్‌లో నర్సు. ఒకరోజు మా అమ్మ ఆమె ముందు కూడా నా గొప్పలు మొదలుపెట్టింది. "నెలలో ఒక్క దినం కూడా తప్పల్యా మా పాప!" అంది. అక్క మురిసిపోలేదు. ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని కూర్చున్న నన్ను అదే పనిగా చూసింది. మాలో ఆడవాళ్లు నెలసరి రోజుల్లో ఒక్కపొద్దు ఉండరు, ఆ దినాలు తర్వాత తీర్చుకుంటారు. నేను పెద్దమనిషినై అప్పటికి ఏడాది దాటింది. తప్పకుండా నెలంతా ఎలా ఉన్నానన్న అనుమానం తెలిసినవాళ్లలో ఇంకెవరికీ రాలేదు, మా అమ్మకూ రాలేదు.

మరికొన్నాళ్లకు అక్క నన్ను వాళ్లింటికి పిలిచింది. "మీ బావ డ్యూటీకి పోయినాడు. ఒక్కదాన్నే తినాలంటే నాకు పోదు, రా పాపా" అని ఒక చిన్న స్టీలు పళ్లెంలో టమేటా పప్పు, అన్నం కలిపింది. బావ పాలు మాడబెట్టిన కథ ఒకటి చెప్పి నవ్విస్తూ తింటోంది. చూస్తుండగానే ఆమె వైపు ఖాళీ అయింది, నా వైపు మెతుకు కదల్లేదు. తోసేయడానికి తమ్ముడు లేడు. అప్పుడు మెల్లగా అడిగింది, "తినాలంటే భయమైతాందా పాపా?"

అంతవరకు ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఎందుకు తినవనే అడిగారు. దానికి నా దగ్గర అబద్ధాలు బోలెడు. భయమా అంటే మాత్రం ఒక్కటీ దొరకలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. నెలసరి ఆగిపోయిన సంగతీ, లేస్తే కళ్లు తిరగడమూ అన్నీ చెప్పేశాను. "నువ్వేం మొండిదానివి కాదులే. ఇది జబ్బు. ఇట్లాంటి పిల్లోళ్లను చూసినా నేను, నయమైతాది" అంది అక్క.

అక్క వచ్చి అమ్మకు చెబితే అమ్మ మండిపడింది. నా బిడ్డ దేవుడి కోసం ఉంటే జబ్బంటావా అంది. అక్క తగ్గలేదు. "జబ్బు మనిషికి ఒక్కపొద్దు మాఫీ అని నువ్వే గదా వదినా నాకు చెప్పినావు. డాక్టరమ్మకు చూపిద్దాం పా" అంటూ నా స్వెట్టర్ చెయ్యి పైకి లాగింది. నా మణికట్టు చూసి అమ్మ గబగబా బురఖా అందుకుంది.

డాక్టరమ్మ రక్తం పరీక్షలు చేయించి, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని, ఇంకొంత ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని చెప్పింది. అమ్మ ఆ రోజే బిర్యానీ వండబోయింది. పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా పెడితే అదీ ప్రమాదమేనని అక్క ఆపింది. డాక్టరమ్మ చెప్పినట్టే కొంచెం కొంచెంగా, వేళకు పెట్టారు. వారం వారం మాట్లాడించడానికి మనసు డాక్టరు వేరే. లావు, సన్నం అన్న మాటలూ, ఊరికి పోవాలన్న మాటలూ అన్నం దగ్గర బంద్ అయ్యాయి. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఎన్నోసార్లు మళ్లీ మొదటికొచ్చాను. పళ్లెం విసిరేశాను. అక్కను అనరాని మాటలన్నాను. ఆమె డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చి, ఏమీ జరగనట్టు నా పక్కన కూర్చునేది. మమ్మల్ని ఊరికి పంపేద్దామనుకున్న నాయన కూడా, వైద్యం మధ్యలో ఆపొద్దనగానే ఆ ఊసెత్తలేదు. ఆ ఏడాది మా అందరి తలపన్నూ కట్టి ఆయన ఎలా ఈదుకొచ్చాడో నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

ఊరికి పోవాల్సింది మేమైతే, పోయింది అక్కావాళ్లు. బావ కంపెనీ సౌదీలకు తగినన్ని ఉద్యోగాలివ్వక నితాఖాత్ లెక్కలో ఎరుపులోకి పడి అఖామాలు ఆగిపోయాయి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నారు. సామాన్లన్నీ కట్టేశాక ఇద్దరం చివరిసారి ఆ పళ్లెంలో తిన్నాం. ఆ రోజు నా వైపే ముందు ఖాళీ అయింది. అక్క దాన్ని కడిగి మా అమ్మ చేతిలో పెట్టి, "ఇంగ నువ్వు కూర్చో వదినా" అంది. అమ్మ కూర్చుంది, ఏళ్ల తరబడి కూర్చుంది.

ఈ వయసు దాకా బతికానంటే అది ఆ అక్క పుణ్యమే. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో నాకిప్పటికీ తెలియదు. మొన్న నా మనవరాలు రెండు రోజులుగా "ఆకలి లేదు జేజీ" అంటూ అన్నం దగ్గర్నుంచి లేచి వెళ్లిపోతుంటే చూశాను. ఎందుకు లేదని అడగలేదు. పైనున్న ఆ చిన్న పళ్లెం దించి, పప్పన్నం కలిపి, "ఒక్కదాన్నే తినాలంటే నాకు పోదు, రా పాపా" అన్నాను.