మాస్టారి కిటికీ వైపు చెంప

డ్రైవింగ్ నేర్పే మాస్టారికి ముఖం ఒకటే అయినా రంగులు రెండు. ఏళ్ల తరబడి కారులో కిటికీకి ఆనుకుని కూర్చోవడంతో ఆ వైపు చెంప కమిలి మచ్చలు తేలింది. రెండో చెంప నీడపట్టున గారాబంగా పెరిగిన బిడ్డలా నిగనిగలాడేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. కానీ తన డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద కొత్తగా వేయించిన ఫోటో చూసి, ఇక్కడ నేర్పేది ఇద్దరా అని ఒకావిడ అమాయకంగా అడిగింది. అది గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే మందుల షాపు నడిపే మరదలి దగ్గరికి వెళ్లాడు. ఆమె విటమిన్ సి సీరం ఇచ్చింది. పొద్దున్నే ముఖం కడుక్కుని నాలుగు చుక్కలు చాలనీ, పైన సన్‌స్క్రీన్ తప్పదనీ, సీసాకు ఎండ తగలకూడదనీ, మచ్చలు మెల్లగా తగ్గుతాయి తప్ప పుట్టురంగు మారదనీ చెప్పింది.

"లోపల కాగితం ఉంది, ఒకసారి చదవండి బావా."

"రాసుకునేదానికి చదువెందుకమ్మా" అన్నాడు, రోడ్డు పక్క బోర్డులు చదవలేదని రోజంతా జనానికి చీవాట్లు పెట్టే పెద్దమనిషి.

నాలుగు చుక్కలు మరీ పిసినారితనంగా తోచి దోసిట్లో ఒంపుకున్నాడు. బాగున్న చెంపకు రాయడం దండగనుకున్నాడు. సన్‌స్క్రీన్ ఆడవాళ్ల వ్యవహారమని ముట్టుకోలేదు. సీసాను కారు ముందద్దం దగ్గర పెట్టుకుని, ఎర్ర లైటు పడ్డప్పుడల్లా ఒక పూత వేసేవాడు. కొన్నాళ్లకు నీళ్లలాంటి సీరం టీ డికాషన్ రంగుకు తిరిగింది. బాగా ముదిరింది, ఇక దీని పవరే వేరు అని మురిసిపోయి మరింత దట్టంగా పట్టించాడు. చెంప భగ్గుమంది. పొట్టు లేచింది. చొక్కా కాలరు మరకలు చూసి భార్య నిలదీస్తే, ఇంజను ఆయిలని బొంకాడు.

ఒకరోజు ఆయన తన్మయంగా పూత పూసుకుంటుండగా, కారు నేర్చుకుంటున్న నర్సు బండిని డివైడర్ మీదికి ఎక్కించేసింది. బ్రేకు తొక్కమని అరవాల్సిన మాస్టారు కంట్లో పడిందని అరిచాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నర్సు ఆయన కన్ను కడిగించి, సీసాను తిప్పి చూసింది.

"ఇది ఎండకి పాడైపోయింది మాస్టారూ. పడేయండి."

మళ్లీ మరదలే దిక్కయింది. ఆమె ఎత్తిపొడవలేదు. చెంప మానేదాకా మాయిశ్చరైజర్ తప్ప ఏమీ రాయొద్దని చెప్పి, ఆ తర్వాతే కొత్త సీసా ఇచ్చింది. ఈసారి ఆయన బుద్ధిగా దాన్ని బీరువాలో దాచాడు. రోజూ నాలుగు చుక్కలు రెండు చెంపలకూ రాసి, పైన సన్‌స్క్రీన్ పూసుకున్నాడు. నెలలు గడిచాక మచ్చలు పలచబడ్డాయి. ఇంతా చేసి పనిచేసింది సన్‌స్క్రీనే అని భార్య, కాదు సీరమేనని ఆయన ఇప్పటికీ వాదించుకుంటారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. కారెక్కినవాళ్లకు క్లచ్ సంగతి చెప్పకముందే ఆయన చర్మరక్షణ పాఠం ఎత్తుకోసాగాడు. ఆ విడత లైసెన్సు పరీక్షలో ఆయన శిష్యులు సగానికి సగం తప్పారు. అయితే అందరూ శుభ్రంగా సన్‌స్క్రీన్ రాసుకునే వెళ్లారు.