తోలుపట్టీ మీద నూరిన కత్తి

యాదగిరి తోలుపట్టీ మీద కత్తిని ముందుకూ వెనక్కూ నూరుతున్నాడు. మేడ్చల్ రోడ్డు పక్కనున్న ఆ ఆసుపత్రి ల్యాబులో ఊడ్చే పనికి చేరి, రోగి ఒంట్లోంచి తీసి మైనపు దిమ్మలో బిగించిన కండముక్కను ఉల్లిపొర కన్నా పలచగా కోయడం చూసి చూసి నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ పని అతనొక్కడిదే.

డిప్లొమా చదివిన మాధవీలత 2003లో ల్యాబుకు వచ్చింది. ఆమెకు కోతకు కొత్త మిషన్, వాడి పారేసే బ్లేడ్లు. "లత కోసిన స్లైడు చూడండి, ఒక్క గీత లేదు" అని డాక్టర్ సుశీల అందరి ముందూ అన్న రోజు యాదగిరి టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

ఇవాళ లత కోసిన దిమ్మనే డాక్టర్ తెచ్చి అతనికిచ్చింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే బక్కయ్య చెంప మీది పుండు ముక్క అది.

"క్యాన్సరే యాదగిరీ. కానీ కణాలు గ్రంథుల లెక్క ఉంగరాలు కట్టినయి. చర్మానిదైతే కోసి తీసేయొచ్చు. లోపలి నుంచి వచ్చిందైతే ఒళ్లంతా వెతకాలె. పైచర్మంతో కలిసుందా లేదా తెలియాలె. ఇంకా లోతుకు కొయ్యి. ముక్క కొంచమే మిగిలింది."

లత ముక్కను మైనంలో పడుకోబెట్టి ఉంటుంది, అందుకే చర్మం అంచు కనబడలేదనుకున్నాడు యాదగిరి. దిమ్మను కిటికీ వెలుగుకు పట్టాడు. ముక్క నిటారుగా, తీరుగా నిలబడి ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు.

తన కత్తితోనే కోశాడు. సరిగ్గా చర్మం దగ్గరే పొర గీత పడి చిరిగింది. మళ్లీ నూరి కోసినా అదే గీత.

"ఏందన్నా, చినుగుతాందా?" అంది లత.

"మైనం మెత్తగైంది. ఎండలు గదా."

"ఇయ్యాల మబ్బు వట్టింది గదన్నా."

బయట బెంచీ మీద బక్కయ్య చెంపకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు. దిమ్మలో ముక్క గోటి అంచంత మిగిలింది.

యాదగిరి కత్తిని పక్కన పెట్టాడు. "జర లే. నీ మిషన్ల కోస్త."

లత లేచింది. "కొత్త బ్లేడు. చెయ్యి పైలం."

"నా చెయ్యి నాకెరుకే."

పొరలు తెగకుండా రిబ్బన్‌లా వచ్చాయి. అంత సులువుగా రావడం అతనికి నచ్చలేదు. రంగు వేసి, ఆరిన మొదటి స్లైడును డాక్టర్‌కిచ్చాడు.

ఆమె మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. "ఉంగరాలు పైచర్మం నుంచే దిగినయి. గ్రంథులు గావు, నడుమ కణాలు విడిపోయి ఖాళీలు పడ్డయంతే. చర్మానిదే. బక్కయ్యను పిలువు." తల ఎత్తకుండానే అడిగింది: "ఎవరు కోసిన్రు, లతనా?"

"నేనే," అన్నాడు యాదగిరి. "మిషన్ ఆమెది," అని, మిగిలిన స్లైడ్ల ట్రే పక్కనున్న లత చేతిలో పెట్టాడు.