గునపం దించనివ్వని మామ్మ

శ్రీకాకుళంలో మా వీధికంతటికీ ఒకటే కుళాయి ఉన్న రోజులవి. దాని గొట్టం పక్కింటి మామ్మ అరుగు ముందు నుంచి వెళ్లేది. అక్కడ ఎవరు గొయ్యి తవ్వబోయినా ఆవిడ పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది.

"గునపం దించకురా. కింద గొట్టం ఉన్నాది. సేత్తో తియ్యి మట్టి" అనేది. కళ్లు మాత్రం గోతిలోనే ఉండేవి.

గొట్టానికి ఇంత కాపలా ఏమిటి? ముసలమ్మ అక్కడ బంగారం పాతిపెట్టిందని వీధంతా అనుమానించాం.

ఆవిడ శృంగవరపుకోట పెళ్లికి వెళ్లినప్పుడు, పందిరి రాట పాతే వంకతో మా బావ సరిగ్గా అక్కడే గునపం దించాడు. నీళ్లు చివ్వున చిమ్మాయి. కుళాయి ఆగిపోయింది.

మర్నాడు మామ్మ బస్సు దిగి వచ్చింది. బురదనీ, ఖాళీ బిందెలతో నిలబడ్డ మమ్మల్నీ చూసింది. తిట్టలేదు.

"బంగారం దొరికిందేటి, బాబూ?" అని మా బావని అడిగింది.