బంగారుతీగ గుడ్లకు బొప్పాయి పాలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను రామచంద్రపురం దగ్గరి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రానికి మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. ఆ సీజన్‌లో మాకు గుడ్లు ఇచ్చింది ఒకే ఒక్క తల్లి బంగారుతీగ చేప. దాని పిల్లల కోసమే సూరిబాబు గారనే రైతు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టుకుని కూర్చున్నారు. మేం ఇవ్వలేకపోతే ఆ ఏడాది ఆయన చెరువు ఖాళీయే.

బంగారుతీగ గుడ్డు పైపొరలో ఉండే ప్రోటీన్ నీళ్లు తగలగానే జిగురవుతుంది. గుడ్లు ముద్దకట్టి బూజు పడతాయి. అందుకని మగచేప వీర్యం కలిపాక వాటిని ఉప్పు, యూరియా ద్రావణంలో కడిగి, చివర జిగురు పూర్తిగా పోవడానికి టానిన్ అనే వగరు పదార్థం కలిపిన నీళ్లలో కొద్ది సెకన్లు మాత్రం ఉంచి తీస్తాం.

టానిన్ పోశానో లేదో జాయింట్ డైరెక్టర్ గారి ఫోన్. పై అధికారితో ఫోన్‌లో కూడా లేచి నిలబడి మాట్లాడటం మా ఉద్యోగాల్లో అలవాటు. నిలబడ్డాను. ఆయన నెలవారీ నివేదిక అడుగుతుంటే "అలాగేనండి" అంటూ ఉన్నాను. పెట్టేసి చూస్తే రెండు నిమిషాలు దాటింది.

మూడోరోజు ఉదయం, గుడ్లు పొదిగించే జాడీల్లో పిల్లలు గుడ్ల లోపల గిరగిరా తిరుగుతున్నాయి, బయటికి మాత్రం రావు. ఆ సమయానికి పిల్ల ఒంట్లోంచి ఒక ఎంజైమ్ ఊరి పొరను కరిగించాలి. నా టానిన్ పొరను తోలులా బిగించి, ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వలేదు. సూరిబాబు గారు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

జాడీలు చూసుకునే మంగమ్మ గారికి జరిగింది చెప్పాను. ఆవిడ ఒక గుడ్డును వేళ్ల మధ్య నొక్కి చూశారు.

"ముదురు మాంసంలా ఉందండి. ఇంట్లో అయితే పచ్చి బొప్పాయి వేస్తాం."

ఎగిరి గంతేసినంత పని చేశాను. బొప్పాయి పాలలో ఉన్నదీ ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమే! మోతాదు మించితే పిల్లల్నీ కరిగించేస్తుంది. అందుకని ముందు గుప్పెడు గుడ్లే గిన్నెలోకి తీశాను. ఆవిడ పెరట్లోంచి తెచ్చిన కాయకు గాటు పెట్టి, రెండు చుక్కలు బిందెడు నీళ్లలో కలిపి, ఆ నీళ్లు గిన్నెలో పోసి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఒక తోక బయటికొచ్చింది. ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

"సూరిబాబు గారూ, రండి, వస్తున్నాయండి!"

జాడీలన్నిటికీ అదే మోతాదు పోసి, పిల్లలు బయటపడగానే మంచినీళ్లు మార్చాం. అన్నీ దక్కలేదు గానీ ఆయన చెరువుకు సరిపోయాయి.

నేర్చుకున్నది ఇది: టానిన్ కలిపినవాడి చేతిలో గడియారం తప్ప ఇంకేదీ ఉండకూడదు. తప్పు నాదనీ, విరుగుడు మంగమ్మ గారిదనీ రిజిస్టర్‌లో రాశాను. రెండో వాక్యం కొట్టేయమని పైనుంచి చెప్పారు. కొట్టేయలేదు.